గోడలో దాగిన మన్మథుడు: ఉత్తరం చదువుతున్న ఒక స్త్రీ చిత్రం గురించి ప్రసంగం

పెద్దలకు నమస్కారం. చిత్రకళ అభ్యసిస్తున్న విద్యార్థులకు ఆశీస్సులు.

ఒక స్త్రీ బొమ్మ ఎదుట నిలబడగానే మనలో చాలామందిమి ఆమె ముఖంలోకి చూసి, ఆమె మనసులో ఏముందో చెప్పేస్తాం. దిగులుగా ఉందంటాం, ఎవరికోసమో ఎదురుచూస్తోందంటాం, లేదా ఏదో దాస్తోందంటాం. ఆ తీర్పు చెప్పడానికి మనకు రెప్పపాటు చాలు. అందులో చిత్రకారుడు పెట్టినది ఎంత, గడిచిన కాలం పెట్టినది ఎంత, మనమే తెచ్చి పెట్టినది ఎంత అని విడదీసి చూడడమే ఈ సాయంత్రం నా ప్రయత్నం. అందుకు పది చిత్రాలు అక్కర్లేదు. ఒక్కటి చాలు. ఆ ఒక్కదానితోనే నేను చాలా ఏళ్లు పొరబడ్డాను కాబట్టి దాన్నే ఎంచుకున్నాను.

తెర మీద మీరు చూస్తున్న చిత్రాన్ని గీసినవాడు యోహానెస్ వెర్మీర్. 1632లో హాలండ్‌లోని డెల్ఫ్ట్ పట్టణంలో పుట్టి, 1675లో అక్కడే మరణించాడు. ఈనాడు ఆయనవిగా పండితులు అంగీకరిస్తున్న చిత్రాలు నలభైకి లోపే. తెరిచిన కిటికీ దగ్గర ఉత్తరం చదువుతున్న అమ్మాయిగా పేరుపడ్డ ఈ చిత్రం సుమారు 1657, 1659 సంవత్సరాల మధ్య గీసినది. 83 సెంటీమీటర్ల ఎత్తు, 64.5 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. జర్మనీలోని డ్రెస్డెన్ నగరపు చిత్రశాలలో ఉంది.

ముందుగా, ఏ వ్యాఖ్యానమూ లేకుండా, కంటికి కనబడేవి మాత్రం చెప్పుకుందాం. ఎడమ పక్కన లోపలికి తెరుచుకున్న కిటికీ, దాని రెక్క మీదికి జారవిడిచిన ఎర్రటి తెర. కిటికీ ముందు ఒక యువతి పక్కకు తిరిగి నిలబడి, రెండు చేతులతో ఉత్తరం పట్టుకుని చదువుకుంటోంది. ఆమె ముఖం మనకు ఒక పక్క నుంచే కనిపిస్తుంది, కానీ కిటికీ అద్దాల్లో ఆ ముఖం నీడ మసకగా, ఎదురుగా తిరిగి ఉంటుంది. ఆమెకూ మనకూ మధ్య ఒక బల్ల, దాని మీద నలిగి ముడతలు పడ్డ తివాచీ, ఆ ముడతల మీద ఒరిగిపోయిన పింగాణీ పళ్లెం, అందులోంచి దొర్లిన పళ్లు. వాటిలో ఒక పీచ్ పండు సగానికి కోసి ఉంది, లోపలి టెంక కనిపిస్తోంది. వీటన్నిటికంటే ముందు, కుడి పక్కన, పైనుంచి కిందిదాకా వేలాడే ఆకుపచ్చ తెర. ఇక ఆమె వెనక గోడ. నేను ఈ చిత్రాన్ని మొదటిసారి ఒక పుస్తకంలో చూసినప్పుడు ఆ గోడ మీద ఏమీ లేదు.

ఆ ఏమీ లేకపోవడం మీదే నేను పాఠం చెప్పేవాణ్ణి. గది సగభాగాన్ని ఆక్రమించిన ఆ వట్టి గోడే ఈ చిత్రానికి ప్రాణమనీ, దూరాన ఉన్న మనిషికీ ఈమెకూ మధ్య ఉన్న ఎడబాటును చిత్రకారుడు ఖాళీ జాగాగా మార్చి చూపాడనీ అనేవాణ్ణి. మన అలంకారశాస్త్రం చేతికందేంత దూరంలోనే ఉంది కదా. ఆలంబన విభావం, అంటే భావానికి ఆధారమైనవాడు, ఉత్తరం రాసిన ఆ కనబడని పురుషుడు; ఉద్దీపన విభావం, అంటే ఆ భావాన్ని రగిల్చేది, ఉత్తరం; అనుభావం, అంటే భావం శరీరం మీద కనబడే గుర్తు, వాలిన కళ్లు; కలిసి విప్రలంభ శృంగారం, ఎడబాటులోని ప్రేమ. అష్టవిధ నాయికల్లో ఈమె ప్రోషితభర్తృక, అంటే భర్త దూరదేశం వెళ్లిన స్త్రీ. అంతా ఎంత చక్కగా అమరిందో చూడండి. ఇంత చక్కగా అమరినప్పుడే అనుమానపడాలని అప్పట్లో నాకు తోచలేదు.

1979లో ఈ చిత్రాన్ని ఎక్స్-రే తీసినప్పుడు, వట్టి గోడ కింద పాశ్చాత్యుల ప్రేమదేవుడైన క్యూపిడ్ చిత్రం ఒకటి పెద్దది ఉన్నట్టు కనబడింది. అంటే గోడ మీద చట్రం కట్టి తగిలించిన చిత్రపటంలాగా వెర్మీర్ ఒక మన్మథుణ్ణి గీశాడు, తర్వాత దాని మీద రంగు పూశారు. పూసినది వెర్మీరే అని దాదాపు అందరూ నమ్మారు. ఆ నమ్మకం తెలివితక్కువది కాదని మీకు చెప్పాలి. గోడ మీది వస్తువుల్ని చెరిపేసుకోవడం వెర్మీర్‌కు అలవాటే. బెర్లిన్‌లో ఉన్న ముత్యాలహారం ధరిస్తున్న స్త్రీ చిత్రంలో గోడ మీద మొదట ఒక పెద్ద దేశపటం ఉండేది, ఆయనే దాన్ని తీసేశాడు. ఈ డ్రెస్డెన్ చిత్రంలోనే కుడివైపు కింద ఒక పెద్ద గాజుపాత్రను గీసి, ఆకుపచ్చ తెరతో కప్పేశాడు. అమ్మాయి తల ఉన్న తీరును కూడా మార్చాడు. కాబట్టి క్యూపిడ్‌ను కూడా ఆయనే వద్దనుకున్నాడనీ, సంకేతాన్ని తీసేసి నిశ్శబ్దాన్ని మిగిల్చాడనీ, అదే ఆయన పరిణతి అనీ రాసినవారున్నారు. నా పాఠానికి ఆ ఎక్స్-రే మరింత బలమైంది.

2017లో చిత్రాన్ని శుభ్రపరిచే పని మొదలైంది. పాత వార్నిష్‌ను తొలగిస్తున్నప్పుడు గోడ భాగంలో రంగు మిగతాచోట్ల కంటే వేరుగా ప్రవర్తిస్తున్నట్టు గమనించి, అతి సూక్ష్మమైన నమూనాలు తీసి ప్రయోగశాలలో పరీక్షించారు. క్యూపిడ్‌కూ, దాని మీద పూసిన రంగుకూ మధ్య వార్నిష్ పొర ఉంది, ఆ వార్నిష్ మీద మురికి పొర ఉంది. చిత్రం పూర్తయి, వార్నిష్ పూసుకుని, గోడకు వేలాడి, దుమ్ము పట్టి, పాతబడిన తర్వాత గానీ అలా జరగదు. అంటే గోడకు రంగు పూసేనాటికి చిత్రం పూర్తయి కొన్ని దశాబ్దాలు గడిచాయి, వెర్మీర్ బతికి లేడు. ఎవరు పూశారో, ఎందుకు పూశారో తేలలేదు. పునరుద్ధరణ చేసినవారు సూక్ష్మదర్శిని కింద పెట్టి, శస్త్రవైద్యుడి కత్తిలాంటి సన్నని కత్తితో, ఆ పై రంగును కొంచెం కొంచెంగా గీకి తీశారు. 2021 సెప్టెంబరులో, క్యూపిడ్‌తో సహా, చిత్రం మళ్లీ ప్రజల ముందుకు వచ్చింది.

మన పురాణంలో మన్మథుడికి అనంగుడని పేరు, శరీరం లేనివాడు. ఈ డెల్ఫ్ట్ మన్మథుడు కూడా ఎన్నో తరాలు శరీరం లేకుండానే ఆ గదిలో ఉన్నాడు. ఇది వట్టి చమత్కారమే అనుకోండి.

ఇప్పుడు ఇదే చిత్రపు మరో ఫొటోను దీని పక్కనే చూపిస్తున్నాను. ఎడమ పక్కది మరమ్మతుకు ముందుది, కుడి పక్కది తర్వాతది. అమ్మాయి మీద ఎవరూ చెయ్యి వేయలేదు. ఆమె ముక్కు, పెదవి, వాలిన రెప్ప, ఉత్తరాన్ని పట్టుకున్న వేళ్లు అవే. అయినా ఆమె వేరే మనిషిలా లేదూ? ఎడమ పక్క అమ్మాయి ఒంటరి. కుడి పక్క అమ్మాయి ఒంటరిగా ఉంది గాని, ఆమె తలకు పైన, ఆమె చూడని చోట, మరొకరు నిలబడి ఉన్నారు. గది చిన్నదైంది, నిండుగా, దగ్గరగా వచ్చింది. రంగు కూడా మారింది. ఎడమ పక్క చిత్రంలో మనం ఎంతో ఇష్టపడిన ఆ బంగారు వెలుతురు చాలావరకు ముదిరి పసుపెక్కిన వార్నిష్ చేసిన పని. వార్నిష్ తీశాక కిటికీలోంచి పడే వెలుతురు చల్లగా, కాస్త నీలంగా, పగటి వెలుతురులాగా ఉంది. సాయంకాలపు బెంగ అని నేను పేరు పెట్టినది వార్నిష్ వయసు.

నా పాఠంలో మిగిలిందేమిటో లెక్క చూసుకున్నాను. ఖాళీ గోడ ఎవరో పరాయి చేతిది. బంగారు మసక కాలానిది. ప్రోషితభర్తృక నాది. వెర్మీర్‌ది అని నిశ్చయంగా చెప్పగలిగినవి ఆ అమ్మాయి నిలబడిన తీరు, ఆమె నిశ్చలత, కిటికీలోని నీడ, బల్ల, పళ్లు, తెర, ఇప్పుడు క్యూపిడ్.

ఇక్కడ విద్యార్థులు ఒక సంప్రదాయాన్ని తెలుసుకోవాలి. పదిహేడో శతాబ్దపు డచ్ చిత్రాల్లో గోడ మీద మరో చిత్రం కనబడితే అది చాలాసార్లు అలంకారం కోసం మాత్రమే ఉండదు, ముందున్న దృశ్యానికి వ్యాఖ్యగా ఉంటుంది. ఆనాటి మరో డచ్ చిత్రకారుడు గాబ్రియెల్ మెట్సు గీసిన, డబ్లిన్‌లో ఉన్న చిత్రంలో కూడా ఒక స్త్రీ ఉత్తరం చదువుతూ ఉంటుంది. పక్కన ఆమె పనిమనిషి గోడ మీది చిత్రానికి ఉన్న తెరను పక్కకు లాగి చూస్తూ ఉంటుంది, ఆ చిత్రంలో పోటెత్తిన సముద్రంలో ఓడలు. ప్రేమ సముద్రం వంటిదని, ప్రేమికుడు ఓడ వంటివాడని ఆనాటి బొమ్మల పుస్తకాల్లో చెప్పుకునేవారు. యజమానురాలి ముఖం చెప్పని సంగతిని పనిమనిషి చెయ్యి మనకు తెరిచి చూపిస్తోందన్నమాట. అప్పటి ప్రేక్షకుడికి ఇదంతా ఎవరో విప్పి చెప్పక్కర్లేదు, మన నాటకాల్లో కుడికన్ను అదిరిందంటే ఏమిటో మనకు చెప్పక్కర్లేనట్టే.

వెర్మీర్ క్యూపిడ్ ఇదొక్కచోటే లేడు. లండన్‌లో వర్జినల్ అనే వాద్యం ముందు నిలబడిన స్త్రీ చిత్రంలోనూ వెనక గోడ మీద ఇదే తరహా క్యూపిడ్ ఉన్నాడు. ఆయన చనిపోయాక 1676లో ఇంటి సామానుకు రాసిన జాబితాలో ఒక క్యూపిడ్ చిత్రం ప్రస్తావన ఉంది. కాబట్టి అలాంటి పటం ఒకటి ఆయన ఇంట్లోనే ఉండి ఉంటుందని అనుకోవడానికి ఆధారం ఉంది. దాన్ని చూస్తూ గీసి, ఒక్కో చిత్రంలో ఒక్కో పని చెప్పాడు.

ఈ చిత్రంలో క్యూపిడ్‌కు అప్పజెప్పిన పని ఏమిటి? అతని కాళ్ల దగ్గర చూడండి. నేల మీద ముఖానికి తగిలించుకునే మాస్కులు పడి ఉన్నాయి, వాటిని అతను తొక్కుతున్నాడు. మాస్కు అంటే వేషం, నటన, కపటం. వాటిని తొక్కే మన్మథుడు నిజమైన ప్రేమకు గుర్తు. మన మన్మథుడి సంకేతాలు ఇందుకు భిన్నమైనవి. ఆయన అయిదు బాణాలకు ఉన్మాదనం, తాపనం, శోషణం, స్తంభనం, సమ్మోహనం అని పేర్లు చెబుతారు. అంటే ప్రేమ మనిషిని ఏ స్థితికి తెస్తుందో మన సంకేతమే చెప్పేస్తుంది. డచ్ క్యూపిడ్ ఆ స్థితి జోలికి పోడు. ప్రేమ నిజమా, అబద్ధమా అన్నదే అతని విచారణ.

అయితే చిత్రం మొత్తం ఆ ఒక్క మాటే చెబుతోందా? బల్ల దగ్గరికి రండి. పళ్లెం ఒరిగిపోయింది, పళ్లు దొర్లాయి, ఒకటి కోసి ఉంది. బైబిలు కథలో ఈవ్ తిన్న పండును గుర్తుచేసుకుని, ఇది చేయకూడని ప్రేమకు సూచన అని కొందరు పండితులు చెప్పారు. గోడ ఖాళీగా ఉన్న రోజుల్లో ఈ వ్యాఖ్యానం బలంగా వినబడేది, ఎందుకంటే గదిలో సంకేతంగా చదవడానికి పళ్లు తప్ప మరేమీ లేవు. ఇప్పుడు గోడ మీద, కపటాన్ని తొక్కే మన్మథుడు నిలబడ్డాడు. పళ్లు జాగ్రత్త అంటున్నాయి, గోడ నిజమే అంటోంది. ఈ రెండింటిలో ఒకదాన్ని ఎంచుకోవాల్సిన అవసరం లేదని నా అభిప్రాయం. ఉత్తరం అందుకున్న మనిషికి రెండూ ఒకేసారి వినబడడం సహజం. అసలు ఆ పళ్లెం ఎందుకు ఒరిగింది? ఉత్తరం రాగానే ఆత్రంగా లేచి కిటికీ దగ్గరికి వచ్చేటప్పుడు తివాచీ నలిగి ఉండవచ్చు కదా. ఆ అమ్మాయి శరీరంలో లేని కదలికనంతా చిత్రకారుడు ఆ బల్ల మీద పెట్టాడనిపిస్తుంది నాకు. ఆమె కదలదు, ఆమె చుట్టూ వస్తువులు కదిలి ఆగాయి.

దీనిలోని కొత్తదనం మనకు తెలియాలంటే మన కళ్లు ఎక్కడ తర్ఫీదు పొందాయో గుర్తుచేసుకోవాలి. తెలుగు ఇళ్లలో మూడు, నాలుగు తరాలుగా స్త్రీ బొమ్మ అంటే రాజా రవివర్మ అచ్చు పటం. కాలిలో ముల్లు గుచ్చుకున్నట్టు నటిస్తూ వెనక్కి తిరిగి చూసే ఆయన శకుంతలను తీసుకోండి. మెడ తిరిగింది, చూపు వెనక్కి పోయింది, పెదవి మీద నవ్వు ఆగింది. ఆమె మనసు ఆమె శరీరం మీదే ఉంది. శాస్త్రం అనుభావమన్నది సరిగ్గా ఇదే. విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రంలో, నృత్తశాస్త్రం తెలియనిదే చిత్రకళ బోధపడదని మార్కండేయుడు వజ్రుడికి చెబుతాడు. రవివర్మను చదవడానికి ఆ మాట చాలా పనికొస్తుంది. వెర్మీర్ దగ్గరికి వచ్చేసరికి నర్తకి నాట్యం ఆపేసింది. చెయ్యి, చూపు, మెడ ఏవీ మనకోసం అభినయించవు. భావం శరీరం నుంచి గదిలోకి తరలిపోయింది. అలాంటి చిత్రానికి శకుంతలను చదివే కళ్లతో వెళితే ముఖంలో ఏమీ దొరకదు. దొరకనప్పుడు మనం మన భావాన్నే ఆ ముఖానికి పూస్తాం. నేను చేసినది అదే.

సంకేతాల పట్టిక దగ్గర పెట్టుకుంటే చాలు, చిత్రం అర్థమైపోతుందని మాత్రం ఈ మాటల నుంచి తీసుకోకండి. వాషింగ్టన్‌లో వెర్మీర్‌దే మరో చిత్రం ఉంది, చిన్న త్రాసు పట్టుకుని నిలబడ్డ స్త్రీది. ఆమె బంగారమో ముత్యాలో తూస్తోందని చాలాకాలం అనుకున్నారు. వెనక గోడ మీద దేవుడి అంతిమ తీర్పు చిత్రం ఉంది కాబట్టి, లోకపు సంపదకు లోబడిన స్త్రీని చూపి హెచ్చరిస్తున్నాడన్నారు. తీరా సూక్ష్మదర్శినితో పరీక్షిస్తే త్రాసు పళ్లాల్లో ఏమీ లేదు. పళ్లెంలో మెరుస్తున్నది బంగారం కాదు, వెలుతురు. సంకేతం గోడ మీద కదలకుండా ఉంది, దాని అర్థం మాత్రం ఆమె చేతిలోని ఆ ఖాళీ పళ్లేలతో తలకిందులైంది. ఇప్పుడు ఆమెను అత్యాశకు ప్రతినిధిగా కాకుండా, తన్ను తాను తూచుకుంటున్న మనిషిగా చూస్తున్నారు. గోడ మీది చిత్రం ప్రశ్న అడుగుతుంది, జవాబు ఆ స్త్రీ చేతుల్లో వెతకాలి.

డ్రెస్డెన్ అమ్మాయి చేతుల్లో వెతుకుదాం. ఆ కాగితం మడతలు ఇంకా పూర్తిగా విప్పుకోలేదు, పైఅంచు వంకరపోయింది. ఆమె దాన్ని రెండు చేతులా గట్టిగానే పట్టుకుంది. మనకు కాగితం కనబడుతుంది, అక్షరం ఒక్కటీ చదవడానికి రాదు. క్యూపిడ్ వచ్చి, ఇది ప్రేమలేఖ అని చెప్పి మన ఊహకు ఒక హద్దు గీశాడు. ఇక మీదట ఇది అప్పులవాడి కబురనో, తల్లి దగ్గర నుంచి వచ్చిన ఉత్తరమనో అనలేం. కానీ ఆ ప్రేమలేఖలో వస్తున్నానని ఉందో, రాలేనని ఉందో ఆ క్యూపిడ్‌కు కూడా తెలియదు. అతని చూపు ఉత్తరం మీద లేదు.

ఆ ఉత్తరం ఎక్కడినుంచి వచ్చిందని అడగడం చిత్రానికి బయటి ప్రశ్నే, అయినా ఒక్కమాట చెప్పి ముందుకు వెళతాను. 1602లో ఏర్పడ్డ డచ్ ఈస్టిండియా కంపెనీకి ఆరు శాఖలుండేవి, వాటిలో డెల్ఫ్ట్ ఒకటి. ఆ కంపెనీవాళ్లు ఆ దశాబ్దంలోనే మన మచిలీపట్నంలో వర్తకస్థానం పెట్టుకుని కోరమండల్ బట్టలు కొనేవారు. డెల్ఫ్ట్ ఆడవాళ్లకు మనిషి దూరంగా ఉండడం, ఉత్తరం నెలల తరబడి ఓడలో రావడం కవిసమయం కాదు, ఇంటి సంగతి. ఈ ఉత్తరం అక్కడిదని అనడానికి చిత్రంలో ఆధారమేమీ లేదు. చూసేవాళ్లు అలా అనుకునే వీలున్న కాలంలో ఇది గీసినదని చెప్పడమే నా ఉద్దేశం.

కుడి పక్కనున్న ఆకుపచ్చ తెర గురించి చెప్పకుండా ఈ చిత్రాన్ని వదలలేను. అది గదిలోని తెర కాదు. ఆ రోజుల్లో విలువైన చిత్రాలకు దుమ్ము పడకుండా కమ్మీకి తెర కట్టేవారు. వెర్మీర్ గీసినది ఆ తెర, చిత్రం లోపలిది కాక చిత్రానికి ముందున్నది. పూర్వం గ్రీసు దేశంలో ఇద్దరు చిత్రకారులు పందెం వేసుకున్నారనీ, ఒకడు గీసిన ద్రాక్షపళ్లను పక్షులు వచ్చి పొడిచాయనీ, రెండోవాడు గీసిన తెరను మొదటివాడు నిజమనుకుని తొలగించమన్నాడనీ ఒక కథ ఉంది. వెర్మీర్ ఆ కథను తలచుకునే ఈ తెర గీశాడని చాలామంది అంటారు. నాకు అంతకంటే ముఖ్యమైనది ఆ తెర మనకు కట్టబెట్టే స్థానం. తెర సగం జరిగి ఉంది. జరిపినది ఎవరు? చూసేవాడు, అంటే మనం. మనం ఆ అమ్మాయి ఏకాంతంలోకి అడగకుండా తొంగిచూస్తున్నాం. ఆమె ముఖంలో భావం వెతికే మన ఆత్రాన్ని కూడా ఆయన చిత్రంలో ఒక భాగం చేశాడు.

ఖాళీ గోడ పోయినందుకు నాకు బాధ లేదా అని ఒక విద్యార్థిని అడిగింది. ఉంది. అచ్చులో ముప్పై ఏళ్లు చూసిన చిత్రం అది, అందులోని నిశ్శబ్దం నాకు నిజంగానే వినబడింది. అది వెర్మీర్‌ది కాదని తెలిసినంతమాత్రాన ఆనాటి నా అనుభూతి అబద్ధమైపోదు. దాన్ని వెర్మీర్ ఉద్దేశంగా బోధించిన నా మాట మాత్రం అబద్ధమే.

చివరి చిత్రం ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉన్నది, నీలిరంగు దుస్తులు వేసుకుని ఉత్తరం చదువుతున్న స్త్రీ, సుమారు 1663 నాటిది. కొన్నేళ్లు గడిచాక వెర్మీర్ మళ్లీ అదే విషయం దగ్గరికి వచ్చాడు. కిటికీ లేదు, వెలుతురు మాత్రమే ఉంది. తెర లేదు, పళ్లు లేవు, మన్మథుడు లేడు. గోడ మీద హాలండ్ దేశపటం, ఎవరూ కూర్చోని రెండు కుర్చీలు, బల్ల మీద తెరిచిన చిన్న పెట్టె. ఆమె పెదవులు కొద్దిగా విడివడి ఉన్నాయి, చదువుతున్న మాటల్ని లోపల పలుకుతున్నట్టు. ఈసారి వ్యాఖ్యను గోడకు తగిలించకుండా ఉన్నది వెర్మీరే. దీపాలు వేయకముందు ఒక్క నిమిషం ఆమె వైపు చూడండి. ఏం కనబడిందో చెప్పేటప్పుడు ముందు కుర్చీల గురించి చెప్పండి, ముఖం గురించి తర్వాత మాట్లాడుకుందాం.